కంచంలో వదిలిన అన్నం

మా ఇల్లు సాతంరాయిలో, బెంగళూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. డాబా మీద వడియాలు పెడితే విమానాల నీడలు వాటి మీదుగా పోతుంటాయి. ఇన్నేళ్లుగా విమానాల పొట్టలు చూడటమే గానీ లోపల ఎలా ఉంటుందో నేనెరగను. ఎరగాలన్న కోరిక కూడా పెద్దగా ఉండేది కాదు. నేను బడిలో సోషల్ టీచర్ని. గోడకు పటం తగిలించి, కర్రతో చైనాను చూపించి, దాని రాజధాని ఏదో చెప్పలేనివాణ్ణి నిలబెట్టడంతో నా విదేశీ ప్రయాణాలు పూర్తయ్యేవి.

డాక్టరు చదువుకు చైనా వెళ్లి వచ్చిన నా కూతురు, అక్కడ తనతో చదువుకున్న అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని ఒకరోజు చెప్పింది. అప్పుడు నేను మామిడికాయ ముక్కలకు కారం పట్టిస్తున్నాను. చెయ్యి అలాగే ఆ బేసిన్‌లో ఉండిపోయింది.

"గింతమంది ఉండంగ నీకు గా దేశంల పిలగాడే దొరికిండానే?" అన్నాను.

"జర చూసినంక తిట్టమ్మా. చూడకముందే తిడితే తిట్లు దండుగ" అంది.

దానికి నా నోరే వచ్చింది, ఎవరిని అనుకోవాలి? కొన్నాళ్లు అలిగాను. మా ఆయన అలక తీర్చే మనిషి కాదు, తనంతట అదే తీరేదాకా పేపరు చదువుకునే మనిషి. చివరికి నేనే దిగివచ్చి ఒక షరతు పెట్టాను. మా వైపు పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూసి వస్తాం. ఇల్లు చూడకుండా సంబంధం ఖాయం చేసుకోవడం మా ఇంటావంటా లేదు. అది పక్క మండలమైనా అంతే, చైనా అయినా అంతే. ఎండాకాలం సెలవుల్లో వెళ్దామనుకున్నాం. పాస్‌పోర్టులకు పెట్టుకున్నాం.

ఆ అబ్బాయి తల్లిదండ్రులు ఎక్కడో దూరపు ఊరి ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు, వాళ్ల కొత్త సంవత్సరం పండుగకు తప్ప ఇంటికి రారు. పసివాడప్పటి నుంచి వాణ్ణి పెంచింది నాయనమ్మ. ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. ఆవిడ సరేనంటే పెళ్లి, కాదంటే లేదు. "నాయనమ్మను కాదని నేను ఏ పనీ చెయ్యను" అని ఆ అబ్బాయి నా కూతురితో ముందే చెప్పాడట. ఆ ఒక్క మాటతో అతను నాకు సగం నచ్చాడు. అంటే నేను వెళ్లి మెప్పించాల్సింది ఒక ముసలావిడను. ఆవిడ ముందు తప్పు చేస్తే నా కూతురి బతుకు దెబ్బతింటుంది.

అక్కడి పద్ధతులు నేర్పుతానని నా కూతురు అంది. వద్దన్నాను. దానికి అఆలు దిద్దించిన చేత్తో దాని ముందు పలక పట్టుకొని కూర్చోవడం నా వల్ల కాదు. అన్నీ నేర్చుకొని పోయి దాన్నే ఆశ్చర్యపరచాలని నా పంతం. అందుకని గుట్టుగా శంషాబాద్‌లో గాజుల దుకాణం నడిపే భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయనది పాతబస్తీ. లక్క గాజుల మీద అతికే రాళ్లు, పూసలు కొనడానికి ఏటా చైనా వెళ్లి వస్తాడు. నా కూతురి బారసాల గాజులు కూడా ఆయన దుకాణంలోవే.

"ఫస్ట్ బాత్ చెప్తున్న విను చెల్లే" అని మొదలుపెట్టాడు, ఒకావిడ చేతికి గాజులు తొడుగుతూనే. "వాళ్లు సల్లనీళ్లు తాగరు. ఎండలు మండినా గరం పానీయే. ముసలోళ్ల చేతుల ఫ్లాస్కు ఉంటది."

"కలిస్తే ఏమంటరు భాయ్? నమస్తే లెక్క?"

"పెద్దోళ్లయితే తిన్నవా అనడుగుతరు."

"గదేంది? మనం గూడ గట్లనే అడుగుతం గద!"

"అందుకే నాకు ఆడ పరేషాన్ అనిపియ్యలే" అని నవ్వాడు.

రోజూ బడి నుంచి వస్తూ దుకాణంలో కూర్చునేదాన్ని. ఆయన చెప్పే కొద్దీ నాకు మతి పోయేది. వాళ్లకు కూడా ఇంటిపేరే ముందట, తర్వాతే అసలు పేరు. మేనమామకు ఒక మాట, పెదనాన్నకు ఒక మాట, చిన్నాన్నకు ఇంకొకటి. అక్క వేరు, చెల్లె వేరు. ఇదంతా మన సొత్తే అనుకొని ఇన్నేళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. పెద్దలకు పెత్రమాస నాడు మనం బియ్యమిస్తే, వాళ్లు ఎండాకాలం ముందు ఒక రోజు సమాధులు ఊడ్చి, పండ్లు పెట్టి వస్తారట. తెలుపు చావుకు, ఎరుపు శుభానికి. వాళ్లు తినే పుల్లలను అన్నంలో నిలువునా గుచ్చితే చనిపోయినవాళ్లకు పెట్టినట్టట.

"ఒక్క పిల్లనే కనాలని సర్కారు కాయిదా పెట్టిండ్రు గద, శానా ఏండ్లు నడిచింది" అన్నాడు భాయ్. "ఇప్పటి పోరగాండ్లకు మామ, చిన్నాయన అనే మాటలైతే ఉన్నయ్ గని, పిలుద్దమంటె మనుషులు లేరు."

ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మా ఇంట్లో ఫంక్షనైతే మామలకే ఒక బస్సు కావాలి. మా వైపు పెళ్లిలో అలిగే మేనమామ లేకపోతే పెళ్లయినట్టే ఉండదు. ఆ అబ్బాయి ఇంట్లో అలిగేందుకు కూడా ఎవరూ లేరు. పటంలో ఎంతో పెద్దగా కనిపించే ఆ దేశంలో ఒక ముసలావిడ, ఒక మనవడు మాత్రమే ఎదురెదురుగా కూర్చొని అన్నం తింటున్నట్టు అనిపించింది.

చివరి రోజు భాయ్ రెండు ముఖ్యమైన సంగతులు చెప్పాడు. "తినేటప్పుడు అంతా ఊడ్చి పెట్టకు చెల్లే. ఖాళీ చేస్తే కడుపు నిండలేదనుకొని మల్లమల్ల ఏస్తరు. జరంత ఇడిసిపెట్టు, బాగ పెట్టినం అని ఖుష్ అయితరు. ఇంకోటి, ఏమన్న ఇస్తె ఫట్‌న తీసుకోకు. ఒద్దను. మల్ల ఇస్తరు. మల్ల ఒద్దను. మూడోసారి రెండు చేతులతోని పట్టుకో. ముందే తీసుకుంటె ఆశపోతు అనుకుంటరు."

రెండోది తేలికే. మొదటిది మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. మా నాన్న కంచం పక్కన పడ్డ మెతుకు కూడా ఏరుకొని తినేవాడు. వదిలితే వీపు పగిలేది. ఇంట్లో సాధన మొదలుపెట్టాను. రోజూ గుప్పెడు అన్నం వదిలేసి లేస్తుంటే మా ఆయన పేపరు దించి, "ఏమైంది, పానం బాగలేదా? దవాఖానకు పోదమా?" అన్నాడు. తర్వాత ఆ గుప్పెడూ తనే తినేవాడు.

మేం ఇంకా టికెట్లు కొననే లేదు, ఒకరోజు కూతురు పరుగున వచ్చింది. "అమ్మా, వాళ్లే వస్తున్నరు. వాళ్ల దిక్కు పిలగాని ఇంటోళ్లే ముందుగాల పిల్ల ఇంటికి రావాలంట. నాయనమ్మనే వస్తదంట."

తన జిల్లా దాటని మనిషి, ఎప్పుడూ విమానం ఎక్కని మనిషి, మా సాతంరాయికి వస్తుందట. కోడలి పుట్టింటి గడప తొక్కకుండా పిల్లను అడగడం మర్యాద కాదట. నేను ఇల్లు చూసి రావాలని పట్టుబట్టినట్టే అక్కడ ఆవిడా పట్టుబట్టింది.

అబ్బాయికి సెలవు ఎక్కువ దొరకలేదు. ముందురోజు దిగి ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో ఉండి, మరునాడు మా ఇంట్లో భోంచేసి, ఆ సాయంత్రమే తిరుగు విమానం ఎక్కుతారు. నేను అన్నీ భాయ్ చెప్పినట్టే సిద్ధం చేశాను. వాళ్లు గుండ్రని బల్ల చుట్టూ కూర్చుంటారని ఫంక్షన్ హాల్ నుంచి ఒక గుండ్రని టేబుల్ తెప్పించాను. పెద్దవాళ్లు గుమ్మానికి ఎదురుగా కూర్చోవాలని కుర్చీ అటు వేయించాను. నీళ్లు కాచి పెట్టాను. బయట మే నెల ఎండ.

ఆవిడ కారు దిగింది. పొట్టి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, గుడ్డ చెప్పులు. చేతులు చూశాను. గోళ్లు అరిగి, వేళ్ల కణుపులు లావెక్కి ఉన్నాయి. నాట్లు వేసిన చేతులని చూడగానే తెలిసింది, మా అమ్మవీ అలాగే ఉండేవి. ఇన్ని దేశాలు దాటి మా అమ్మ చేతులు మా గడపలోకి వచ్చాయా అనిపించింది. ఆవిడ రెండు చేతులు జోడించింది. గడప దగ్గర చెప్పులు విడిచి, పక్కపక్కన సరిగ్గా పెట్టి లోపలికి వచ్చింది.

వేడినీళ్ల గ్లాసు ఇచ్చాను. ఆవిడ దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసి పక్కన పెట్టి, మూలనున్న కుండ వైపు చూపించింది. నా కూతురు ముంచి ఇస్తే గడగడా తాగింది. నేను, మా ఆయన పొగలు కక్కే నీళ్లు ఊదుకుంటూ తాగాం. మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

టేబుల్ దగ్గరికి రమ్మన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, చక్కగా చాప మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది. నా టేబుల్ నచ్చలేదేమోనని చిన్నబుచ్చుకున్నాను. అందరం కిందే కూర్చున్నాం. బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు. ఆవిడ చెంచా పక్కన పెట్టి చేత్తో కలిపింది. కారానికి కళ్లలో నీళ్లు కారుతున్నా ఆగలేదు. కంచం ఊడ్చేసింది. పాపం ఆకలిగా ఉందేమోనని మళ్లీ వడ్డించాను. అదీ ఊడ్చింది. మళ్లీ వడ్డించాను.

"ఇగ చాలమ్మా, ఎయ్యకు" అంది నా కూతురు.

"నువ్వూకో. ముసలామె తింటుంటె ఒద్దంటవా?" అన్నాను.

నేను మాత్రం పాఠం మరవలేదు. నా కంచంలో గుప్పెడు బగారా అన్నం, ఒక ముక్క వదిలేసి లేచాను. ఆవిడ ఆ అన్నం వైపు చాలాసేపు చూసింది. సంతోషించిందనుకొని లోలోపల మురిసిపోయాను.

భోజనాలయ్యాక పిల్లలిద్దరూ విమానాలు చూడటానికి డాబా ఎక్కారు. మా ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. గదిలో మేమిద్దరమే. ఆవిడ ఎర్రగుడ్డ మూట తీసి విప్పింది. లేతాకుపచ్చ రాతి గాజు. అదేమిటో నాకు తెలుసు. ఆవిడకు వాళ్ల అత్త ఇచ్చిన గాజు, ఇంటికి రాబోయే కోడలికే ఇస్తారని నా కూతురు చెప్పి ఉంది. తల్లి చేతికి ఇస్తోందంటే పిల్లను అడుగుతోందన్నమాట. ఆవిడ రెండు చేతుల్లో పెట్టి నా ముందుకు చాచింది.

నేను నవ్వుతూ రెండు అరచేతులతో మెల్లగా వెనక్కి నెట్టాను. "ఒద్దమ్మా, ఇవన్నీ ఎందుకు" అన్నాను. ఒకటి అయిపోయింది, ఇక రెండోసారి ఇస్తుందని చూస్తున్నాను.

ఆవిడ చేతులు అక్కడే ఆగాయి. నా మొహం చూసింది. తర్వాత గాజును గుడ్డలో చుట్టి, ముడి వేసి, సంచిలో పెట్టుకుంది. నవ్వు మాత్రం అలాగే ఉంది.

నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. రెండోసారి రాలేదు. పిల్లలు దిగివచ్చారు, టీలు తాగారు, రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కసారి మొక్కుబడిగా చాచి మూట కట్టుకుందంటే మా ఇల్లు నచ్చలేదు, మేం నచ్చలేదు. ప్రయాణానికని సర్వపిండి చేసి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చాను గానీ, సాగనంపడానికి మాత్రం తలనొప్పి అని కదల్లేదు. నా కూతురు వాళ్ల కారులోనే ఎయిర్‌పోర్టుకు వెళ్లింది.

పెరట్లో నల్లా దగ్గర కంచాలు ముందేసుకొని కూర్చున్నాను. మా ఆయనది ఊడ్చి ఉంది. ఆవిడది కడిగినట్టు ఉంది, ఒక్క మెతుకు లేదు. నా కంచంలో మాత్రం గుప్పెడు అన్నం ఎండిపోతూ ఉంది. ఆ రెండు కంచాలూ పక్కపక్కన పెట్టి చూశాను.

ఆవిడ మనలా తిన్నది. నేను వాళ్లలా తిన్నాను.

కుండ నీళ్లు, చాప, చేత్తో కలిపిన అన్నం, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు నిలబడ్డాయి. భాయ్‌కి ఫోన్ చేశాను.

"మనం వాళ్ల పద్ధతులు నేర్చుకున్నట్టు, వాళ్లు గూడ మనయి నేర్చుకుంటరా భాయ్?"

"ఇన్నేండ్లు పోతున్న గని, గది నేను సోంచాయించలే చెల్లే" అన్నాడు.

పొద్దున గడపలో నేను బొట్టు పెడితే నుదురు ముందుకు వంచిన ఆ ముసలావిడ, గాజు వద్దంటే మా వైపు ఏమిటి అర్థమో తెలుసుకోకుండా వచ్చి ఉంటుందా? మా ఇళ్లల్లో పసుపుకుంకుమ, గాజులు ఇస్తే ఎవరూ వద్దనరు. వద్దన్నారంటే సంబంధమే వద్దన్నట్టు. కూతురికి ఫోన్ చేశాను. "నాయనమ్మ ఒద్దంటుందమ్మా. ఇంటికొచ్చినంక చెప్త" అంది.

"లోపటికి పోనియ్యకు. నేనొస్తున్న" అన్నాను. మా ఆయన అప్పటికే స్కూటర్ తీశాడు. మొదటిసారి ఆ మనిషి నన్ను ఏమీ అడగకుండా నాకంటే ముందు కదిలాడు.

డిపార్చర్ గేట్ల ముందు జాతరలా ఉంది. దుబాయ్ పోయే కొడుకును సాగనంపడానికి వ్యాన్‌లో దిగిన ఒక ఊరి కుటుంబం పక్కనే పులిహోర తింటోంది. వాళ్ల మధ్యలో, ఇనుప బెంచీ మీద ఆవిడ ఒళ్లో నా స్టీలు డబ్బా పెట్టుకొని కూర్చుని ఉంది. పిల్లలిద్దరూ ఎర్రబడ్డ కళ్లతో ఆవిడకు చెరో పక్క నిలబడ్డారు.

"గాజు సంగతి నేనే చెప్పిన అమ్మా, మన దిక్కు ఒద్దనరని" అంది నా కూతురు. "నాలుగు నెలల సంది నాయనమ్మ నాకు ఫోన్లు జేసి అన్నీ అడిగింది. ఇంట్ల రోజూ చేత్తోటి తినుడు నేర్చుకుంది. గని ఇప్పుడు గాజుకు గాదు బాధపడుతుంది. కార్ల ఏమన్నదో తెల్సా? 'ఆ తల్లి కంచంల అన్నం ఇడిసిపెట్టింది. వాళ్లు మెతుకు గూడ పారెయ్యరని నువ్వే చెప్పినవ్ గద. పిల్ల పోతుందనే దిగులుతోటి ఆమెకు ముద్ద దిగలే. అసొంటి తల్లి దగ్గరికెళ్లి పిల్లను తీస్కపోతె నాకు పాపం తగుల్తది. మనం పోదం' అన్నది."

ఆ బెంచీ పక్కన నేల మీదే కూర్చున్నాను. నేను ఈవిడ మీద ఒళ్లు మండి కంచాలు తోముతుంటే, ఈవిడ నా ఆకలి గురించి బాధపడుతోంది. తన మనవడు ఏరికోరి తెచ్చుకున్న సంబంధాన్ని నా గుప్పెడు మెతుకుల కోసం వదులుకోవడానికి సిద్ధపడింది. ఏ పటంలోనూ లేని ఇంత పెద్ద మనసును నేను పాఠాల్లో నేర్చుకోవచ్చనుకున్నాను.

భాయ్ దుకాణం, నా సాధన, ఒకటి రెండు మూడు లెక్క, అన్నీ చెప్పాను. నా కూతురు ఏడుస్తూ నవ్వుతూ వాళ్ల భాషలో చెప్పింది. అబ్బాయి తల పట్టుకొని పక్కకు తిరిగి నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆఖరి మాట దాకా విని, నా వైపు వంగింది.

"తిన్నవా?" అని అడిగింది, తెలుగులో, మా ఊరి యాసలో.

తల అడ్డంగా ఊపాను. ఆవిడ డబ్బా మూత తీసి, సర్వపిండి ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. ఇంకో ముక్క పెట్టింది. చుట్టూ సామాన్ల బండ్లు పోతున్నాయి, విమానాల పేర్లు చదువుతున్నారు, పులిహోర తింటున్న ఊరివాళ్లు నన్నే చూస్తున్నారు. నేను ఏడుస్తూ ఆ డబ్బా అడుగు కనిపించేదాకా తిన్నాను, చేతికి అంటిన నువ్వులతో సహా. ఆవిడ డబ్బాలోకి తొంగి చూసింది. నా అరచెయ్యి తిప్పి చూసింది.

అప్పుడు సంచిలోంచి ఎర్రగుడ్డ మూట తీసింది.

ఆవిడ ముడి విప్పుతుండగానే నేను రెండు చేతులూ చాచాను.